ఫ్రాస్ లేని తోట

సోమవారం ఉదయం పదకొండుంబావుకు పార్కు తోటమాలికి మెమో ఇచ్చారు. విషయం: ఫ్రాస్ లేకపోవడం. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అది నమ్మేలా లేకపోతే నెలాఖరుకు ముగిసే కాంట్రాక్టును పొడిగించరు. మెమో రాసిన హెడ్ గుమాస్తాకు గానీ, సంతకం పెట్టిన సూపరింటెండెంటుకు గానీ, అందుకున్న తోటమాలికి గానీ ఫ్రాస్ అంటే ఏమిటో తెలియదు. తెలియదని పైకి చెప్పింది తోటమాలి ఒక్కతే.

ఫైలు నేను చూశాను. మొదటి కాగితం కీటకశాస్త్ర ప్రయోగశాల నుంచి వచ్చింది. "మీ తోటలో ఫ్రాస్ పరిస్థితి తెలియజేయగలరు." పైనుంచి ఏ పరిస్థితి అడిగినా "సంతృప్తికరం" అని రాయడం ఆ ఆఫీసు పద్ధతి. నీళ్ళ పరిస్థితి సంతృప్తికరం. బెంచీల పరిస్థితి సంతృప్తికరం. నిరుడు కూలిన ప్రహరీ పరిస్థితి కూడా సంతృప్తికరమే! ఫ్రాస్‌కీ అదే రాశారు. సూపరింటెండెంటు దాని పక్కన సొంత చేత్తో "రోజురోజుకూ పెరుగుతోంది" అని చేర్చారు.

ప్రయోగశాల శాస్త్రవేత్త వెంటనే జవాబిచ్చింది. "అయితే తప్పక చూడాలి. గురువారం వస్తున్నాను."

"మన ఫ్రాస్ ఎక్కడుందయ్యా?" అని సూపరింటెండెంటు హెడ్ గుమాస్తాను అడిగారు.

"ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది సార్."

"అంటే స్టోర్లోనా?"

"తమరు స్టోర్లో అంటే స్టోర్లోనే సార్."

స్టోరు వెతికారు. రెండు నీళ్ళ గొట్టాలు, పిడి లేని పార, ఒక కుర్చీ కాలు దొరికాయి. స్టాకు రిజిస్టరులో కూడా ఫ్రాస్ లేదు. స్టోరులో లేనిది తోటలో ఉండాలి, తోటలో ఉన్నదానికి తోటమాలిదే బాధ్యత అని హెడ్ గుమాస్తా నోటు రాశాడు. ఉందని పైకి రాసింది కనబడకపోతే అందరికంటే కింద ఉన్నవాళ్ళకు మెమో ఇవ్వడం అక్కడి రెండో పద్ధతి.

"అయ్యగారూ, ఫ్రాస్ అంటే ఏంటండీ?" అని సూపరింటెండెంటును అడిగింది తోటమాలి.

"తొమ్మిదేళ్ళు తోటలో పనిచేసి నన్నడుగుతావా!"

"తెలిస్తే తెచ్చిపెడదామనండి."

"విన్నావుటయ్యా? తెచ్చిపెడుతుందట! తీసుకెళ్ళానని తనే ఒప్పుకుంటోంది!"

ఆమె హెడ్ గుమాస్తాను అడిగింది. అది ఆఫీసు రహస్యం అన్నాడు.

తోటమాలి ఉండేది పార్కు వెనక గదిలో. కాంట్రాక్టు పోతే గదీ పోతుంది. ఆ గదిలోనే వాళ్ళ వదిన కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. సాయంత్రం వదిన మెమో రెండుసార్లు చదివింది.

"ఏదో ఖరీదైన సరుకేనే ఇది. లేకపోతే ఇంత పెద్ద కాగితం ఇస్తారా?"

"నేను తియ్యలేదు వదినా."

"నాకు తెలీదా? తెచ్చుంటే నాకు కనబడకపోతుందా! ఇల్లెంతని! సామాను సర్దుకోవాలంటే ముందు ఈ మిషనే గుమ్మంలో పట్టదు."

సంజాయిషీ వదినే రాసింది. "ఫ్రాస్ నేను చూడలేదు. ముట్టలేదు. ఇంటికి పట్టుకెళ్ళలేదు." బుధవారం సూపరింటెండెంటు దాని మీద "నమ్మశక్యంగా లేదు" అని రాసి సంతకం పెట్టారు.

గురువారం పదింటికి శాస్త్రవేత్త వచ్చింది. గేటు దగ్గర "ఫ్రాస్ మన సంపద" అని బోర్డు ఉంది. దాని కింద బల్ల, బల్ల మీద మూత బిగించిన గాజుసీసా, సీసా మీద "ఫ్రాస్, మొదటి రకం" అని చీటీ. ఆమె ముందు మొక్కల దగ్గరికి వెళ్ళింది. గులాబీల కింద మోకాళ్ళ మీద కూర్చుంది. నిమ్మ ఆకులు తిప్పి భూతద్దంతో చూసింది. నలభై నిమిషాలు పట్టింది.

"ఎక్కడా లేదే!"

"తప్పు మాది కాదు మేడమ్! తోటమాలిది. మెమో కూడా ఇచ్చాం. ఉన్నది కాస్త సీసాలో భద్రం చేశాం," అన్నారు సూపరింటెండెంటు.

ఆమె మూత తీసి వాసన చూసింది. "ఇది టీ పొడండీ."

సూపరింటెండెంటు హెడ్ గుమాస్తా వైపు చూశారు. హెడ్ గుమాస్తా సీసా వైపు చూశాడు.

శాస్త్రవేత్త తోటమాలిని పిలిచింది. "ఏమ్మా, ఫ్రాస్ అంటే తెలుసా?"

"ఎవరూ చెప్పలేదమ్మా."

"పురుగు పెంట."

"అదా! అది నేను రోజూ చూసేదేనమ్మా! కింద పెంట పడితే పైన పురుగున్నట్టు. తడిగా ఉంటే ఆ కొమ్మ మీదే ఉంటుంది. ఏరి పారేస్తాను. పెంట కూడా ఊడ్చేస్తాను. లేకపోతే మర్నాడు కనబడింది పాతదో కొత్తదో తెలీదు కదమ్మా."

"మందు కొట్టకుండానా?"

"మందెప్పుడిచ్చారమ్మా!"

"తొమ్మిది తోటలు చూశాను. ఫ్రాస్ లేని తోట ఇదొక్కటే," అంది శాస్త్రవేత్త.

హెడ్ గుమాస్తా బోర్డును గోడవైపు తిప్పాడు. సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నారు.

"ఊరికే వచ్చిందా మేడమ్! నేను వెంటపడితే వచ్చింది. కావాలంటే మెమో చూడండి. విషయం దగ్గర స్పష్టంగా రాశాం: ఫ్రాస్ లేకపోవడం."

మెమో నకలును ప్రయోగశాల నివేదికకు జత చేశారు. శుక్రవారం సూపరింటెండెంటుకు ప్రశంసాపత్రం వచ్చింది. అదే రోజు సాయంత్రం నాలుగున్నరకు తోటమాలి కాంట్రాక్టును ఏడాది పొడిగిస్తూ ఆయన సంతకం చేశారు. ఉత్తర్వులో కారణం అన్నచోట "మెమో అందిన మూడు రోజుల్లోనే ఫ్రాస్ నిర్మూలించినందుకు" అని ఉంది.