దీర్ఘాల్లేని చీటీ

"ఈ లోకంలో ఇంతవరకూ తేలని నేరాలు ఎన్ని ఉన్నాయో, అవన్నీ తేలకుండా మిగిలిపోవడానికి ఒక్కటే కారణం, తమ్ముడూ. వాటి సంగతి నాకెవరూ చెప్పలేదు."

పెద్దల్లుడు ఈ మాట అన్నప్పుడు ఆయన కుడికంటికి గడియారాలు బాగుచేసేటప్పుడు పెట్టుకునే నల్లటి భూతద్దం ఉంది. చేతిలో ఎవరిదో వాచీ పొట్ట విప్పుకుని ఉంది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న చిన్నల్లుడికి ఆ మాట కొత్త కాదు. పెళ్ళయిన రెండేళ్ళుగా పూటకోసారి వింటున్నాడు.

ఇద్దరూ తోడల్లుళ్ళు. అక్కని పెద్దాయన చేసుకున్నాడు, చెల్లెల్ని చిన్నాయన చేసుకున్నాడు. పెద్దల్లుడిది గడియారాల కొట్టు. గోడ మీద ఇరవై గడియారాలుంటాయి గానీ ఏ రెండింటికీ పొత్తు కుదరదు. కడుపు నింపేది గడియారాలే అయినా, తన అసలు విద్య అపరాధ పరిశోధన అని ఆయన గట్టి నమ్మకం. అత్తగారి కళ్ళజోడు పోయినప్పుడు మూడు రోజులు విచారణ జరిపాడు. పాలవాణ్ణి, పక్కింటి పిల్లిని, ఆఖరికి మామగారిని కూడా అనుమానించి, అలసిపోయి సోఫాలో కూలబడ్డాడు. కళ్ళజోడు ఆయన కిందే దొరికింది, రెండు ముక్కలుగా. తాళంచెవి కేసూ అలాగే తేలింది. మామగారి కట్టుడు పళ్ళ కేసైతే తేలిన క్షణంలో పెద్దల్లుడు పెట్టిన కేక వీధి చివరకి వినపడింది. పెద్దల్లుడు ఎక్కడ కూర్చుంటే కేసు అక్కడ తేలుతుందని అత్తవారింట్లో సామెతే పుట్టింది.

చిన్నల్లుడు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గుమస్తా. కోడిగీతల్ని కూడా చదివి ఏ వీధికి వెళ్ళాలో చెప్పేయగలడు. ఆఖరికి భార్య రాత కూడా రెండేళ్ళ కష్టం మీద లొంగింది. ఆవిడతో చిక్కేమిటంటే, దీర్ఘాలు రాయదు. 'తాతకి కాలు జారింది' అని రాయాల్సొస్తే 'తతకి కలు జరింది' అని రాసి ఊరుకుంటుంది. అలా మిగిల్చిన దీర్ఘాలన్నీ నోటితో ఖర్చు పెడుతుంది. కోపమొచ్చి 'ఏవండీ' అని పిలిస్తే అది వంటింట్లో మొదలై వీధిగుమ్మం దాకా సాగుతుంది.

ఐదు రోజుల కిందట ఆవిడ కొడుకుని కన్నది. ఆ ఆనందంలో చిన్నల్లుడికి కాళ్ళు నేల మీద ఆనలేదు. బజారుకి పరుగెత్తి, గంట వయసున్న కొడుక్కి గంటున్న మూడు చక్రాల సైకిలు కొనుక్కొచ్చాడు. ఆవిడ సైకిలు వంకా మొగుడి వంకా మార్చి మార్చి చూసి పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే అతన్ని కోసేసింది. పైగా ఈ ఐదు రోజుల్లో మూడుసార్లు బిడ్డని ఎత్తుకుంటే, మూడుసార్లూ వాడు ఎర్రగా కందిపోయి ఆస్పత్రి ఎగిరిపోయేలా ఏడ్చాడు. నర్సు అందుకోగానే నోరు మూశాడు. ఈ ఇంటికి ఆ సైకిలు ఎంత అవసరమో తనూ అంతేనేమో అని చిన్నల్లుడి మనసులో ముల్లు పడింది.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి తల్లీబిడ్డలు ఇంటికొస్తున్నారు. పొద్దున్నే భార్య నర్సు చేత మడతపెట్టిన కాగితం ఒకటి పంపింది. పసిపిల్లల సామాన్ల కొట్టువాళ్ళు ఊరంతా పంచిపెట్టే కాగితమే అది. 'పుట్టిన బిడ్డకు తప్పనిసరి ముప్పై వస్తువులు' అని పైన అచ్చువేసి ఉంటుంది. అందులో ఏది కొనాలో ఏది వద్దో పక్కనున్న సన్నటి అంచులో రాశానని, రాసినవి మాత్రమే తెమ్మని కబురు. ఈ ఒక్క పనైనా తిన్నగా చేసి పరువు నిలబెట్టుకుందామని చిన్నల్లుడు బయల్దేరాడు. ఆ కొట్టు గడియారాల కొట్టుకి పక్కనే ఉండటం అతని ఖర్మ. మడత విప్పేలోపే పెద్దల్లుడు పిలిచి కూర్చోబెట్టి కాగితం లాక్కున్నాడు.

అంగుళం అంగుళం భూతద్దంతో గాలించి, చివరికి గొంతు తగ్గించాడు.

"తమ్ముడూ, ఇది సరుకుల చీటీ అనుకుంటున్నావా? ఇది ఆర్తనాదం."

అంచు మరీ సన్నంగా ఉండటంతో ఒక్కో మాటా రెండుగా విరిగి పైనా కిందా పడింది. ఆయన వేలు తగలకుండా పుల్లతో చూపిస్తూ చదివాడు. "బుల్లి బూట్లు. దాని పక్కన 'అక్క'. కింద 'రలెదు'. అంటే అక్క రాలేదు. పాలసీసా వేడిచేసే మిషన్. అక్క రాలేదు. తలదిండు. అక్క రాలేదు. మొత్తం ఇరవై ఒక్కసార్లు. మీ ఆవిడకి అక్క ఎవరు?"

"మీ ఆవిడే కదా."

"అదీ సంగతి. పొద్దున ఎనిమిదింటికి చెల్లెల్ని చూసొస్తానని వెళ్ళింది. ఇప్పుడు టైమెంత?" అని పెద్దల్లుడు గోడ వంక చూశాడు. గోడ ఇరవై రకాలుగా చెప్పింది. చిన్నల్లుడు తన ఫోన్లో చూసి పదకొండన్నాడు.

పెద్దల్లుడు భార్యకి ఫోన్ చేశాడు. మోగీ మోగీ ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. అప్పటిదాకా డాబుగా ఉన్న ఆయన విప్పిన వాచీని పక్కకి నెట్టేశాడు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఆవిడ ఫోన్ ఎత్తకపోవడం ఇదే మొదలు.

చిన్నల్లుడికి విషయం అప్పటికే సగం తెలిసిపోయింది. "అన్నయ్యా, మా ఆవిడ దీర్ఘాలు..."

"దీర్ఘాలోచన నాకొదిలెయ్."

"అది కాదు, ఓసారి ఆ కాగితం ఇలా ఇస్తే..."

ఇస్తే వేలిముద్రలు పడతాయన్నాడు పెద్దల్లుడు. ఆస్పత్రికి ఫోన్ చేద్దామంటే బాలింతని బెదరగొడతావా అని కోప్పడ్డాడు. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. దోపుకుంటూ ఒక మాట విసిరాడు. ముప్పై వస్తువుల అడుగున చేత్తో రాసిన ముప్పై ఒకటోది కూడా ఉందట. అది చిన్నల్లుడి గురించేనట.

చిన్నల్లుడు స్టూలు మీంచి లేచాడు. "నా గురించా? ఏం రాసింది?"

"విచారణ ముగిసేదాకా బయటపెట్టకూడదు. ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు. నీకు కవల సోదరుడున్నాడా?"

"లేడు."

"ఉన్నవాళ్ళంతా అలాగే అంటారు" అని ఆయన తోడల్లుణ్ణి పైనుంచి కిందిదాకా అనుమానంగా చూశాడు.

ఆ చూపు చిన్నల్లుడికి పట్టలేదు. అతని తలలో లెక్క ఒక్కటే తిరుగుతోంది. ముప్పైలో ఇరవై ఒకటి అక్కరలేదు. అడుగున తన సంగతి ఉంది. సైకిలు కొన్నవాడి పక్కన ఏం రాసుంటుంది?

ఆ కాగితం పుట్టిన చోటే విచారణ మొదలుపెట్టాలని, పెద్దల్లుడు కంటికున్న భూతద్దం తీయడం మరిచిపోయి పక్కనున్న సామాన్ల కొట్టులోకి అడుగుపెట్టాడు. ఒక కంటికి అంతా ఏనుగంత, రెండో కంటికి మామూలు. గుమ్మంలో నిలబెట్టిన బొమ్మకి నమస్కారం పెట్టి, లోపలున్న కొట్టు యజమానిని దాటుకుని వెళ్ళిపోబోయాడు. యజమాని తేనె పూసిన గొంతుతో ఆపాడు.

"రండి రండి. ఎంతసేపయిందండీ?"

"మూడు గంటలు."

"అబ్బ, పురిటిగుడ్డన్న మాట. మగబిడ్డా, ఆడబిడ్డా?"

"ఆడమనిషి. వయసు నలభై రెండు. నీలం చీర."

యజమాని ఒక్క క్షణం నోరు తెరిచి, వ్యాపారస్థుడు కాబట్టి మళ్ళీ మూసేశాడు. ఈయనతో లాభం లేదని చిన్నల్లుడి మీద పడ్డాడు. స్నానం నీళ్ళ వేడి చెప్పే బాతుబొమ్మ చూపించాడు. తుడిచే గుడ్డల్ని వెచ్చబెట్టే పెట్టె చూపించాడు. ఇవి లేకుండా పిల్లలెలా పెరుగుతారండీ అన్నాడు, తను ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు. చిన్నల్లుడు దేనికీ కరగలేదు. అప్పుడు యజమాని బల్ల కింద నుంచి అరచేతంత తెల్లటి మిషన్ తీశాడు.

"ఇది బిడ్డ ఏడుపు వింటుందండీ. ఆకలో, నిద్రో, కడుపునొప్పో, ఎందుకేడుస్తున్నాడో ఇక్కడ అక్షరాల్లో చెప్తుంది."

చిన్నల్లుడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. సిగ్గు విడిచి అడిగాడు. "నేనెత్తుకుంటే ఎందుకేడుస్తాడో కూడా చెప్తుందా?"

"అన్నీ చెప్తుందండీ."

కాగితంలో అది వద్దని ఉందో కావాలని ఉందో అతనికి తెలియదు. చెయ్యి మాత్రం జేబులోకి వెళ్ళింది. కాదనడానికి పక్కన ఎవరూ లేరు.

ఉన్న ఒక్కరూ కొట్టు మధ్యలో నిలబడి నుదురు రుద్దుకుంటున్నారు. కేసు ముదిరిందనీ, నిలబడి ఆలోచిస్తే రక్తం కాళ్ళలోకి పోతుందనీ పెద్దల్లుడు ప్రకటించాడు. దీర్ఘాలోచనకి కూర్చోవాలట. భూతద్దం కంటికి పక్కనే పే...ద్ద ఊయల మంచం కనపడింది. దాని పట్టీని పైన తెర కట్టిన కమ్మీకి కట్టారు. "అయ్యా, అది పదికిలోల బిడ్డదాకానేనండీ" అని యజమాని అంటూ ఉండగానే ఆయన తన ఎనభై కిలోలనీ అందులో ఉంచాడు.

ముందు ఊయల విరిగింది. తర్వాత కమ్మీ ఊడింది. కమ్మీతోపాటు తెర, తెర పైనున్న అరతోపాటు డైపర్ల కట్టలు వరసగా దిగాయి. దుమ్ము తగ్గేసరికి తెర వెనకున్న బిల్లుల బల్ల కనపడింది. బల్ల దగ్గర రెండు చేతులా రెండు సంచులతో, నీలం చీరతో, పెద్దల్లుడి భార్య నిలబడి ఉంది.

"ఏమిటండీ ఈ అవతారం?" అందావిడ.

డైపర్ల మధ్య నుంచి పెద్దల్లుడు తల పైకెత్తాడు. ఏదో గంభీరమైన మాట అందామనే చూశాడు. రాలేదు. "ఉన్నావా" అన్నాడు అంతే. కంటికున్న భూతద్దం లోపల నీళ్ళు నిండి ఆవిడ ఆయనకి రెండుగా కనపడింది.

ఆవిడ నెమ్మదించి సంగతి చెప్పింది. చెల్లెలు పొద్దున చీటీ పంపాక నాలుక కరుచుకుందట. మొగుడు ఆ కొట్టుకి వెళ్ళాలంటే బావగారి కొట్టు దాటాలి కదా, దాటగలడా? అందుకని చూడ్డానికొచ్చిన అక్కతో, వాళ్ళిద్దరికంటే ముందు నువ్వెళ్ళు అక్కా అని కొనాల్సినవి చెప్పిందట. ఫోన్ ఎందుకు ఎత్తలేదని పెద్దల్లుడు దీనంగా అడిగాడు. ఎత్తితే మీరు కొట్టు వదిలేసి వస్తారని ఎత్తలేదు, ఎత్తకపోయినా వచ్చారు, అందావిడ.

ఆయన జేబులోంచి కాగితం తీసి చదివి, నవ్వాపుకోలేక సంచులు కింద పెట్టింది.

"అక్క రాలేదు కాదండీ మహానుభావా. అక్కరలేదు. బూట్లు అక్కరలేదు, దిండు అక్కరలేదు, ఏడుపు మిషన్ అక్కరలేదు. ఐదు రోజుల వాడికి పనులెన్ని? తాగుతాడు, తడుపుతాడు, పడుకుంటాడు. ఆ మూడింటికీ పనికొచ్చేవి కొంటే చాలు. మిగతావన్నీ మన సరదా."

"మరి తొమ్మిదింటి పక్కన కవలలని..."

"కవలలా? 'కవలి'. కావాలి. పొత్తిగుడ్డలు కావాలి, దుప్పటి కావాలి, తువ్వాళ్ళు కావాలి."

"దుప్పటికి కవలేమిటా అని నాకూ అనుమానం వచ్చింది" అని పెద్దల్లుడు గొణిగాడు. "ఆఖరిది చదివాక తీరిపోయింది."

ఆవిడ ఆఖరిది చూసింది. నవ్వు ఆగింది. కాగితాన్ని కవర్లోంచి తీసి చిన్నల్లుడి చేతిలో పెట్టింది. "ఇది నీకొచ్చింది, మరిదీ."

రోజుకి వేల ఉత్తరాలు అతని చేతుల మీదుగా పోతాయి. ఒక్కటీ అతనికి కాదు. ఇప్పుడు ఆ అడుగునున్న వంకర అక్షరాల్ని, ఎక్కడ ఏ దీర్ఘం పోయిందో చూసుకుంటూ, మెల్లిగా చదువుకున్నాడు.

'31. వడి నన్న. కవలి.'

"చూశావా" అంటున్నాడు పెద్దల్లుడు నేల మీద నుంచి. "వాడి నాన్న కవల. ఇంత స్పష్టంగా రాసుంటే ఎవడైనా..."

ఎవరూ వినలేదు. చిన్నల్లుడు మొహం గోడవైపు తిప్పుకుని కాసేపు బాతుబొమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు. యజమాని దగ్గరికొచ్చి, మిషన్ కట్టమంటారా అని అడిగాడు.

"అక్కరలేదు" అన్నాడు చిన్నల్లుడు. తర్వాత అందరూ కలిసి ఊయల పరిహారం సంగతి మాట్లాడుకున్నారు. నెల రోజుల్లో యజమాని గడియారాలన్నీ పెద్దల్లుడు ఊరికే బాగుచేసి పెట్టేలా ఒప్పందం కుదిరింది. ఆ బేరంలో ఎవరు నష్టపోయారో గడియారాలకే తెలియాలి.

నాలుగింటికి తల్లీబిడ్డలు వచ్చారు. తొమ్మిది వస్తువులూ మంచం మీద సర్ది ఉన్నాయి. చిన్నల్లుడి భార్య ఒక్కొక్కటే చూసి తలాడించి, బిడ్డని మొగుడి చేతుల్లో పెట్టింది. వాడు కళ్ళు మూసుకునే పసిగట్టి నాలుగోసారి ఏడుపందుకున్నాడు. ఇల్లు దద్దరిల్లింది. తల్లి లేవబోయింది. వదినగారు చేతులు చాపింది. చిన్నల్లుడు ఇవ్వలేదు. ఏడ్చినా నా దగ్గరే ఏడుస్తాడని మొండికేసి, గది ఈ చివర నుంచి ఆ చివరకి తిరగడం మొదలుపెట్టాడు.

"ఈ ఏడుపు వెనక ఒక రహస్యం ఉంది" అన్నాడు పెద్దల్లుడు, మళ్ళీ పాత గొంతుతో. "దీన్ని ఛేదించాలంటే..." అని ఆలోచనకి కూర్చోబోయి, వెనక ఏముందో చూసుకోకుండా కూర్చున్నాడు.

ట్రింగ్‌మని సైకిలు గంట మోగింది.

బిడ్డ ఠక్కున ఆగిపోయాడు. నీళ్ళు నిండిన కళ్ళు తెరిచి, ఆ చప్పుడు ఎక్కడిదో తేల్చుకుంటున్నట్టు తండ్రి మొహంలోకి చూశాడు. పెద్దల్లుడు మెల్లిగా ఇంకోసారి నొక్కాడు. బిడ్డ ఆవులించి తండ్రి చొక్కాకి బుగ్గ ఆనించాడు. పెద్దల్లుడు కేసు తేలిందన్నాడు. తను మాత్రం సీట్లో ఇరుక్కుపోయానని, ఎవరైనా చెయ్యి ఇవ్వాలని కూడా అన్నాడు.

చిన్నల్లుడి భార్య కాగితం తీసుకుని ముప్పై ఒకటో దాని కింద ఇంకో వరస రాసి, మొగుడి కళ్ళ ముందు పట్టుకుంది.

'32. సైకిలు. కవలి.'

దానికీ పై దానికీ దీర్ఘాలు పెట్టాలని చిన్నల్లుడికి ఎంతో అనిపించింది. కానీ ప్రస్తుతం అతనికి రెండు చేతులూ ఖాళీ లేవు.