కోలీ కొండ మీద ఎర్ర గొర్రెలు

ఆ ఆదివారం నువాలా వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే చర్చి హాల్లో తన బొమ్మలు తగిలించాలి, ప్రార్థన ముగిసి జనం బయటికొచ్చే వేళకు టీ సిద్ధంగా ఉంచాలి, ఆ తర్వాత ఎవరేమన్నా నవ్వుతూ నిలబడాలి. ఇది ఆమె మూడో ప్రదర్శన. మొదటి రెండింటికీ పిన్ని డెల్యా వచ్చింది, వానలో తడిసిన కుక్క ఒకటి వచ్చింది.

ఐర్లండ్‌లో తన ఊరి చుట్టూ ఉన్న కొనెమరా కొండలు తప్ప ఆమె ఇంకేమీ గీయదు. అక్కడికి చేరాలంటే గొర్రెలు పెంచే ఫెస్టీ పొలంలోంచి నడిచి, రాతిగోడలో ఉన్న గేటు దాటి, అతని పొరుగువాడు కోలీకి చెందిన కొండ ఎక్కాలి. ఆ ఇద్దరిలో ఎవరికి కోపమొచ్చినా ఆమెకు గీయడానికి మిగిలేది తన వంటిల్లే.

టీలోకి స్కోన్లనే చిన్న రొట్టెల పళ్లెంతో వచ్చిన డెల్యా అన్నిటికంటే పెద్ద బొమ్మ ముందు ఆగిపోయింది.

"ఇది కోలీ కొండ కదే?"

"అవును పిన్నీ."

"మరి గొర్రెల వీపుల మీద ఎర్ర గుర్తేమిటి? ఎరుపు ఫెస్టీ మంద గుర్తు. కోలీది నీలం."

"కనిపించింది కనిపించినట్టు గీశాను. రంగు చూశాను గానీ ఎవరిదో చూడలేదు."

"బాగుంది సంబడం. ఫెస్టీ గొర్రెలు నా గడ్డి మేస్తున్నాయని కోలీ, మూసిన గేటు దాటి ఎలా వస్తాయని ఫెస్టీ, ఏళ్ల తరబడి మాటల్లేవు. మొన్న ఈస్టర్‌కు ఇద్దరి చేతులూ కలిపేసరికి ఫాదర్‌కు తలప్రాణం తోకకొచ్చింది. నువ్వేమో సాక్ష్యం గీసి గోడకు తగిలించావు."

నువాలా గబగబా కుంచె తీసి ఎర్ర గుర్తుల మీద నీలం పూసింది. తొందరలో పూత పలచగా పడి, కింది ఎరుపు తొంగిచూస్తూనే ఉంది. సరిగ్గా అప్పుడే కుర్చీలు మోసుకుంటూ కోలీ వచ్చాడు. బొమ్మకు ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చూశాడు.

"ఎరుపు మీద నీలం కొట్టారెవరో," అన్నాడు మెల్లగా. "అంటే ఫెస్టీ గొర్రెల్ని దొంగిలించి నా రంగు వేసుకున్నానంటావా?"

"అయ్యో, కాదు బాబాయ్. అది నీడ."

"గొర్రెల మధ్య పుట్టినవాణ్ణమ్మాయ్, నాకు నీడ నేర్పకు. ప్రార్థన కాగానే ఫెస్టీనే పిలుచుకొస్తా. ఈ మాట పుట్టించింది వాడేనేమో తేల్చుకుంటా."

అతను అటు వెళ్లగానే నువాలా గొర్రెలన్నిటినీ బూడిదరంగు రాళ్లుగా మార్చేసింది. హడావిడిలో కొన్ని రాళ్లకు కాళ్లు మిగిలిపోయాయి. వాటిని గడ్డితో కప్పింది.

ప్రార్థన ముగిసింది. ముందు కోలీ, ఫెస్టీ, వెనక తగవు చూడటానికి ఊరంతా. హాలు నిండిపోయింది. ఇన్నాళ్లూ ఆమె కోరుకున్నది ఇదే. ఇప్పుడు మాత్రం అందరూ ఇళ్లకు పోతే బాగుండనిపించింది.

"ఏవీ గొర్రెలు?" అన్నాడు ఫెస్టీ.

"ఇందాక ఇక్కడే ఉన్నాయి," అన్నాడు కోలీ.

"ఉంటే ఎటు పోతాయి?"

కోలీ వేలు కొండ మీంచి మెల్లగా దిగుతూ బొమ్మ కింది మూలన ఆగింది. అక్కడ రాతిగోడ, గోడలో గేటు. గేటు బార్లా తెరిచి ఉంది.

"గేటు తెరిచి గీశావేం?"

"నేను గీసేటప్పుడు అలాగే ఉంటుంది బాబాయ్."

"ఎప్పుడూనా?"

"వెళ్లేటప్పుడు రెండు చేతుల్లోనూ సామాను కదా. తిరిగొచ్చేటప్పుడు మూసేస్తాను."

కోలీ ఫెస్టీ వైపు చూశాడు. ఫెస్టీ కోలీ వైపు చూశాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఆమె వైపు చూశారు. సిగ్గుతో నువాలాకు ఏడుపొక్కటే తక్కువ.

"నిన్ను చాలా మాటలన్నాను, ఏమనుకోకు," అన్నాడు ఫెస్టీ, కోలీతో.

"నేనన్నవి నీకింకా చేరలేదులే," అన్నాడు కోలీ. "పద, మా కొట్టంలో పెద్ద తాళం ఉంది."

చెరో స్కోను తీసుకుని, భుజాల మీద చేతులేసుకుని వెళ్లిపోయారు. సాయంత్రానికల్లా గేటుకు తాళం పడింది. తాళంచెవి ఒకటి కోలీ జేబులో, రెండోది ఫెస్టీ జేబులో.

నువాలా నాలుగో ప్రదర్శనలో బొమ్మలన్నీ సముద్రానివే. దానికి గేటు లేదు.