నాలుగున్నర పౌన్ల సమరం

"ఇవాళ ఎవరిదో ఒకరి బొటనవేలు ఊడిపోతుంది. నా మాట రాసిపెట్టుకోండి. ఊడకపోతే నా పేరు వెర్నా కాదు!"

ఇట్లు పలికినది హాల్వర్‌సన్ కులమాత, అష్టషష్టివర్షప్రాయ, చింతాసామ్రాజ్య పట్టమహిషి, వెర్నా. ఆమె పలికిన వేళకు పిస్తోలు పెట్టెలింకను తెరువబడలేదు. బండి తాళమైనను తిప్పబడలేదు. ఆమె కొడుకులైన ఉభయ వీరులును వంటింట కాఫీ త్రాగుచుండిరి, అదియును చెరియొక గోడవైపు తిరిగి.

అది సెప్టెంబరు మాసాంత్య శనివారము. ఉత్తర డకోటా మహామైదానమున, ఎఱ్ఱనదికి పడమటి గట్టున, ఆకాశము నేలను తాకెడి చోటు వఱకును చక్కెరదుంపల చేలు తప్ప మఱేమియు కానరాని సీమలో, గాలి కూడ నిలుచుటకు నీడ దొరకక పరుగెత్తుచుండెడి ఆ ఉదయమున, కౌంటీ గురికాండ్ర సంఘమువారు తూటాలను ఆపుటకై పోసికొన్న కంకరగట్టు రణరంగమునకు, ఒకే పికప్పు బండిలో, నడుమ తల్లిని కోటగోడవలె కూర్చుండబెట్టుకొని, హాల్వర్‌సన్ సోదరులు దండయాత్ర వెడలిరి.

కలహకారణము వినుడు. మూడు శనివారముల క్రిందట ఇదే రణరంగమున పెద్దవాడు లైల్, ఉక్కుపిస్తోలుధారి, మితభాషి, మీసాలరాయుడు, కాల్చుచుండగా, కాలిన తూటా తొడుగు బయటికి ఎగిరిపోక, ముందువెనుకలకు జరిగెడి స్లైడు సందున ఇఱుకుకొని, పొయ్యిగొట్టమువలె నిటారుగ నిలిచిపోయెను. పదునాలుగేండ్లలో ఒక్కసారియైనను ఆగి యెఱుగని పిస్తోలు అది. అప్పుడైనను చిన్నవాడు డారెల్, ప్లాస్టిక్ పిడిగల నిజమైన పిస్తోలుధారి, నోరు మూసుకొనవలసినది. మూసుకొనలేదు.

"తుపాకీ మంచిదేలే. మణికట్టే మెత్తన, అందుకే ఇరుక్కుంది," అనెను.

తుపాకి పట్టినవాడు తన తల్లిని తిట్టినను సహించునేమో కాని, మణికట్టు మెత్తనయన్న మాటను ఆ సీమలో ఎవడును సహింపడు.

"నీ ట్రిగ్గర్ సంగతి చూసుకోరా ముందు! నొక్కుతుంటే కంకరలో పార ఈడ్చినట్టుంటుంది. అది తుపాకీనా, మిగిలిన కూర దాచుకునే డబ్బానా?" అని లైల్ గర్జించెను.

అంతే. ఇరువది యొక్క దినములు మాటలు లేవు. ఒకే పొలము, ఒకే షెడ్డు, ఒకే భోజనపు బల్ల. కాని సకల రాజకార్యములును తల్లి ముఖముననే. "అమ్మా, ఉప్పు ఇటు ఇమ్మను." "అమ్మా, ఉప్పు వాడి మోచేతి దగ్గరే ఉందని చెప్పు."

వెర్నాకు ఉప్పుతో పేచీ లేదు, సోమవారముతో పేచీ. సోమవారము దుంపల కోత మొదలు. దుంపలు పెఱికెడి యంత్రమును ఒకడు నడుపవలెను. దాని ప్రక్కనే, చేయి చాచిన అందెడి దూరమున, అదే వేగమున, లారీని మఱియొకడు తోలవలెను. "ఆగు", "జరుగు", "నిండింది" అని రేడియోలో క్షణక్షణము ఒకరితో నొకరు చెప్పుకొనవలెను. చెప్పుకొననిచో? యంత్రము లారీ మీద, లారీ కాలువలో, ఇద్దఱు కొడుకులును ఇరువది టన్నుల దుంపల క్రింద! కన్ను మూసినప్పుడెల్ల ఆమె ఈ ఘోరమును చూచుచునే యుండెను. కావుననే తానుగా ఈ ద్వంద్వయుద్ధమును కుదిర్చెను: చెరి యేబది తూటాలు, ఎవని పిస్తోలు ఆగునో వాడు ఓడినవాడు, ఓడినవాడు గెలిచినవానితో ముందుగా నోరు విప్పి మాటలాడవలెను.

రణరంగమున వారికెదురేగినవాడు ఓర్విల్ నట్సన్. ఎనుబదేండ్ల వృద్ధుడు, సంఘమున కాల్పుల పెద్ద, మెడలో ఈల, చేతిలో చేపలు తూచెడి కొంకిత్రాసు. ఆయన ఖాళీ పిస్తోళ్ళ ట్రిగ్గరు మీటలకు కొంకి తగిలించి, ఎంత బలమునకు తెగునోయని, ఒకదాని తరువాత నొకటి మెల్లగ లాగి చూచెను.

"నాలుగున్నర పౌన్లు. ఇది కూడా నాలుగున్నర పౌన్లే. రెండూ ఒకటే. ఇంక ఇళ్ళకు పోదామా?"

"బరువు ఒకటైతే సరిపోయిందా తాతా?" అని లైల్, కంకరగట్టు ప్రతిధ్వనింప, చేయెత్తి పలికెను. "మంచులో కాల్చాను, బురదలో కాల్చాను, నా పెళ్ళి మర్నాడు కూడా కాల్చాను. నా ట్రిగ్గర్ గాజుకడ్డీ విరిగినట్టు తెగుతుంది, టక్! వాడిది బబుల్‌గమ్ సాగినట్టు సాగుతుంది. ఎప్పుడు పేలుతుందో దానికే తెలీదు!"

"అమ్మా, వాడికి చెప్పు," అని డారెల్ ఱొమ్ము విఱిచెను. "గాజుకడ్డీలు బొమ్మల కొట్లో దొరుకుతాయని చెప్పు. నాది నొక్కాక వేలు ఇంత వదిలితే చాలు, మళ్ళీ రెడీ. వాడిది ఊరంతా తిరిగొచ్చి నొక్కాలి."

"రెండడుగుల దూరంలో ఉన్నాడు కదరా, నువ్వే చెప్పు!"

"నాకు వినపడిందిలే, చెప్పొద్దని చెప్పు," అనెను లైల్.

ఒకడు నింపిన మ్యాగజైనును, అనగా పది తూటాలు పట్టెడి డబ్బీని, మఱియొకడు నమ్మడు. కావున నూఱు తూటాలును నింపెడి భారము తల్లి మీద పడెను. ఆ వీరమాత బల్ల చెంత కూర్చుండెను. ఆమె సంచిలో మూడు చుట్టల కట్టుగుడ్డ, కాలినగాయపు మలాము. ఆమె రెండఱచేతులందును పెన్నుతో వ్రాసికొన్న ఆంబులెన్సు నంబరు, ఒక చేయి పోయినను రెండవది యుండునని. చెవులలో దూదియుంట, దానిపై రక్షాకర్ణకవచము, దానిపై ఉన్నిటోపి. ఒక్కొక్క తూటాను దింపునప్పుడెల్ల ఆమెకు ఒక్కొక్క ఆస్పత్రి మంచము కన్నులకు కట్టుచుండెను.

ఎనిమిది మ్యాగజైన్లు ధర్మబద్ధముగ నింపెను. చివరి రెండును మిగిలినవి. అప్పుడామె మోచేతికి ఒక పాత కాఫీడబ్బా తగిలెను. కొత్తవారికి నేర్పుటకై సంఘమువారు దాచుకొన్న ఉత్తుత్తి తూటాలు అందులో నుండును. ఎఱ్ఱని ప్లాస్టిక్కువి, మందు లేనివి, సీసము లేనివి, చీమకైనను కీడు చేయనేరనివి. రెండే యుండెను. ఒక తూటా తగ్గిన ఒక ప్రమాదము తగ్గును గదా! ఇటు చూచెను, అటు చూచెను. తల్లికి బిడ్డలిద్దఱును సమానమే. కావున చెరియొక మ్యాగజైను నడుమ చెరియొక ఎఱ్ఱదానిని, సరిగ్గా ఆఱవ స్థానమున, దాచిపెట్టెను.

ఈల మ్రోగెను. అంతట, ప్రళయకాల మేఘగర్జనములతో, పరిమళించెడి మందుపొగతో, ఉక్కువీరుడును ప్లాస్టిక్కువీరుడును ప్రక్కప్రక్క గళ్ళలో నిలిచి, కాగితపు శత్రువుల వక్షఃస్థలములను తూట్లుపొడువ నారంభించిరి. ఇత్తడి తొడుగులు వడగండ్లవలె కురిసెను. పది. ఇరువది. ముప్పది. ఉక్కు ఆగలేదు. ప్లాస్టిక్కు ఆగలేదు. నలువది. వెర్నా ప్రతి మ్రోతకును కొడుకుల వ్రేళ్ళను దూరమునుండియే లెక్కించుచు, ఇరువదియు నుండుట చూచి, మరల మొదటినుండి లెక్కించుచుండెను. నలువదియైదు. ఐదవ మ్యాగజైను. ఆఱవ మాఱు మీట నొక్కిరి.

టిక్.

టిక్.

పేలుడు లేదు. కాని అయ్యో, లోకమంతయు చూచుచుండగా, రెండు పిస్తోళ్ళ మూతులును గింజను పొడిచిన రెండు కోళ్ళవలె ఒక్కమాఱుగ బొటనవ్రేలి వెడల్పు క్రిందికి వంగి, మరల సిగ్గుతో పైకి లేచెను.

"ఆగింది! అమ్మా, వాడిది ఆగింది!" అని ఇద్దఱును ఏకకంఠముగ నఱచిరి.

"కదలకండి. మూతి గట్టు వైపే ఉంచండి," అని ఓర్విల్, ఆలస్యముగ పేలునేమోయని, ముప్పది వఱకును నింపాదిగ లెక్కించి, "ఇప్పుడు తియ్యండి," అనెను. స్లైడులు వెనుకకు లాగబడెను. రెండు ఎఱ్ఱని ప్లాస్టిక్కు తూటాలు కంకర మీద పడి దొరలెను.

"అమ్మా!"

"ఒక్కటి తగ్గిస్తే ఒక్క గండం తప్పుతుందనుకున్నానురా!" అని వెర్నా గొల్లుమనెను. "డబ్బాలో రెండే ఉన్నాయి, లేకపోతే వందా అవే పెట్టేదాన్ని!"

ఓర్విల్ ఆ రెంటిని ఏఱుకొని, అఱచేత నుంచుకొని, తీర్పు చెప్పెను.

"తుపాకులు ఆగలేదయ్యా. పేలడానికి అందులో ఏముందని? మీ ఉక్కూ బాగుంది, మీ ప్లాస్టిక్కూ బాగుంది. అదిరినవి మీ చేతులే. ఇద్దరివీ ఒక్కలాగే, ఒక్కసారే. పేలకముందే భయపడ్డం ఎవరి పోలికో నన్ను అడక్కండి."

ఇద్దఱును తల్లివైపు చూచిరి. తల్లి ఉన్నిటోపిని కన్నుల వఱకును లాగికొనెను.

ఆమెకు నవ్వు రాలేదు. ఎవడును ఓడలేదు గదా! ఓడినవాడు లేనిచో ముందుగా మాటలాడువాడెవడు? సంధిపత్రము చినిగెను. సోమవారము రానే వచ్చును. యంత్రము, లారీ, కాలువ.

"పందెం పోయింది కాబట్టి, కనీసం ఒకరి ట్రిగ్గర్ ఒకరు నొక్కి చూడండి," అనెను ఓర్విల్. "ఉన్నవి దించి, ఖాళీ చేసి ఇవ్వండి. పద్ధతి తెలుసుగా. తీసుకునేవాడు లోపల చూసి, ఇచ్చేవాడితో 'ఖాళీ' అని పైకి అనాలి."

లైల్ మ్యాగజైను దించి, స్లైడు తెఱచి, ఉక్కుపిస్తోలును తమ్మునికి చూపెను. డారెల్ లోనికి తొంగిచూచెను.

"అమ్మా, ఖాళీ అని వాడికి..."

ఈల మ్రోగెను. "అమ్మ చూళ్ళేదు. చూసినవాడే చెప్పాలి."

డారెల్ మెడ ఎఱ్ఱబడెను. "ఖాళీ," అని కంకరతో చెప్పినట్లు చెప్పెను. పిమ్మట లైల్ తమ్ముని పిస్తోలును చూచి, "ఖాళీ," అనెను. ఇరువది యొక్క దినములలో మొదటి సంభాషణ! చెరియొక మాట, అదియును లేనిదానిని గూర్చి.

ఇద్దఱును గట్టువైపు తిరిగి, అన్యాయుధముల మీటలను నొక్కిరి. మరల నొక్కిరి. లైల్ మీసము కదలెను. ఆ కంకరగట్టునే చూచుచు, "అమ్మా" అనకయే, "ఎలా ఉందిరా నాది?" అని యడిగెను.

దూరమున రహదారి మీద ఒక లారీ కానవచ్చి, దగ్గఱకు వచ్చి, దాటిపోయి, మరల చుక్కయై మాయమయ్యెను. ఓర్విల్ ముక్కు చీదికొనెను. వెర్నా టోపి తీసెను, కవచము తీసెను, దూది పెఱికివేసెను, ఊపిరి తీసికొనుట మాత్రము మఱచెను. పెండ్లికూతునైనను, పండిన పంటనైనను, తొలిచూలు బిడ్డనైనను ఒకే ఒక్క మాటకు మించి పొగడుట ఆచారము కాని ఆ సీమలో, రక్తపుబొట్టు చిందక, ఒక్క బొటనవ్రేలును ఊడక, నాలుగున్నర పౌన్ల బలముతో గెలువబడిన ఆ మహావిజయమును, డారెల్ ఉక్కుమీటను ఇంకొక్కమాఱు నొక్కి చూచి, గొంతు సవరించుకొని, తుదకు నోట పలికెను.

"ఫర్వాలేదన్నయ్యా."