అత్తగారి చెయ్యి

కంగారూల దేశంలో, ఆర్నెం రాతికొండల ఆదివాసుల్లో అల్లుడు అత్తగారి మొహం చూడకూడదు, ఆవిడతో మాట్లాడకూడదు, ఆవిడ కూర్చున్న చోటికి పోకూడదు. తక్కిన అల్లుళ్ళు ఈ ఆచారాన్ని గౌరవిస్తారు. డెస్మండ్ మాత్రం దీంతో పని ఎగ్గొడదామనుకున్నాడు.

కొండచరియ కింద అతని భార్య లొరేన్ పూర్వీకులు ఎర్రమట్టితో, తెల్లసుద్దతో వేసిన చేపలూ కంగారూలూ ఉన్నాయి. వేల ఏళ్ళ ఎండావానలకు చెక్కుచెదరని ఆ బొమ్మలకు ఇప్పుడు అడవి గేదెల దురద వచ్చిపడింది. అవి వీపు గోక్కోవడానికి ఆ రాతిగోడకే రుద్దుకుంటున్నాయి. వానల్లోపు తీగ కంచె కట్టకపోతే బొమ్మలు దక్కవు.

"రేపు పొద్దున్నే వెళ్ళి గుంజలు పాతు," అంది లొరేన్.

డెస్మండ్ మనసంతా మడుగులోని చేపల మీదుంది. "పాపం, మీ అమ్మకి ఇక్కడ ఉక్కపోస్తోందేమో! ఆ చరియ కింద చల్లగా ఉంటుంది. రేపు అక్కడ కూర్చోబెట్టకూడదూ?" అన్నాడు.

లొరేన్ అతని మొహంలోకి చూసింది. అతను తుడిచి పెట్టుకున్న గాలాన్నీ చూసింది.

"మా అమ్మంటే ఎంత ప్రేమయ్యా నీకు! చెబుతాలే."

తెల్లారేసరికి డెస్మండ్ గాలంతో మడుగు చేరాడు. గట్టు మీద అత్తగారు టీ కాచుకుంటోంది. తల తిప్పుకుని వెనక్కి పరుగెత్తాడు.

ట్రక్కు నీడన నడుం వాల్చాడు. కాసేపటికి అటువైపు నుంచి టీ డబ్బా చప్పుడైంది. మామిడిచెట్టు కిందికి పారిపోయాడు. అక్కడికీ ఆవిడ రానే వచ్చింది. మూడు మూరల మనిషి, ఆరడుగుల అల్లుణ్ణి దూడను తోలినట్టు తోలింది, పల్లెత్తు మాట అనకుండా.

మధ్యాహ్నానికి అతనికి మిగిలిన నీడ ఆ చరియ ఒక్కటే. గుంజలూ, తీగచుట్టా, లొరేనూ అప్పటికే అక్కడున్నారు.

"మీ అమ్మ నన్ను ఊరంతా తరిమింది!"

"ఒక్క మాటైనా అందా నిన్ను? ఊరికే ఆవిణ్ణి ఆడిపోసుకోకు. పార అందుకో."

సణుగుతూ మూడు గుంజలు పాతాడు. చెమట తుడుచుకుంటూ తలెత్తితే, పెద్ద చేప పక్కన బుల్లి చేతిముద్ర కనిపించింది.

"ఇదెవరిదే?"

"అమ్మది. ఆరేళ్ళప్పుడు చెయ్యి ఆనించమని, మా తాత నోటితో రంగు ఊదాడట."

డెస్మండ్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. అత్తగారు ఇక్కడికి తనకంటే అరవై ఏళ్ళు ముందే వచ్చేసింది! నాలుగో గుంజను గోడకు వీపు పెట్టి పాతాడు.

లొరేన్ పడీపడీ నవ్వింది. "చూడవయ్యా, ఏం కాదు. అప్పటికి నువ్వు పుట్టనే లేదు, ఆవిడ నీకు అత్తెలా అవుతుంది?"

మెల్లగా తిరిగి చూశాడు. ఎంత చిన్న చెయ్యి! చిటికెనవేలి కొసను గేదెలు అప్పుడే చెరిపేశాయి. డెస్మండ్‌కి సిగ్గేసింది.

"మీ అమ్మతో చెప్పు, ఇంకో వరుస తీగ ఎక్కువే కడతానని."

"చెప్పడమెందుకు? ఆ బండ వెనకాలే కూర్చుని వింటోందిగా."

డెస్మండ్ ఈసారి పరుగెత్తలేదు. బండవైపు వీపు తిప్పుకుని, తీగను బిర్రుగా లాగి బిగించాడు.