వంతెన ఎవరికీ వద్దు

ఆదివారం పొద్దున్న ఆరున్నరకు సేనాపతి నలుగురు గుర్రపురౌతులను ముందు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఒక్కొక్కడు చిటికెన వేలిలో సగం ఉంటాడు. ఆ నలుగురి కోటు అంచులకూ వెంట్రుకవాసి నీలం గీత పడాలి, తొమ్మిదిన్నరకల్లా ఆ రంగు ఆరాలి, పదింటికి వాళ్ళు యుద్ధంలో దిగాలి. రంగు పూర్తికాని సైనికుడు బల్ల ఎక్కకూడదని వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న నియమం.

సేనాపతి అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. ఆయన చేసేది సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం. బంట్రోతు మీద కూడా గొంతు పెంచి ఎరగడు. ఇంట్లో మాత్రం నాలుగు వందల పన్నెండు మంది సైనికులను పోషిస్తున్నాడు. పదకొండేళ్ళుగా వాళ్ళందరికీ కోట్లు, బూట్లు, మీసాలు తన చేత్తోనే వేశాడు. ఎప్పుడో రెండు వందల ఏళ్ళ కిందట జరిగిన యుద్ధాలను పాచికలతో, కొలబద్దతో, లావుపాటి నియమాల పుస్తకంతో బల్ల మీద మళ్ళీ నడిపించడం ఆయన సరదా. శత్రువు ఆయన తోడల్లుడే, పళ్ళ డాక్టరు. ఆయన దగ్గరా ఇంచుమించు అంతే బలగం ఉంది. ఇప్పటికి ఐదు యుద్ధాలు జరిగితే ఐదింటిలోనూ పళ్ళ డాక్టరే గెలిచాడు.

చిక్కల్లా బల్లతోనే వచ్చింది. ఎనిమిది నెలలుగా సేనాపతి ఇంట్లో భోజనాల బల్ల మీద పచ్చగుడ్డ, అట్టముక్కల కొండలు, నడుమ ఒక నది, నది మీద అగ్గిపుల్లలతో కట్టిన వంతెన ఉన్నాయి. మొగుడూ పెళ్ళాం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. పోయిన నెల ఒకరోజు కంచం జారి కూరంతా కొత్త చీర మీద పడింది. ఇల్లాలు లేచి, చీర దులుపుకుని, అక్కడికక్కడే తీర్పు చెప్పింది.

"ఈసారి గెలిచారా, బల్ల మీకే, నేను నోరెత్తను. ఓడిపోయారా, బల్ల నాది. బొమ్మలన్నీ అటకెక్కాలి. మళ్ళీ దింపేది లేదు."

"బొమ్మలు కావు, సైనికులు."

"మరీ మంచిది. సైనికులైతే ఎక్కడైనా సర్దుకుంటారు."

అదీ సంగతి. ఈ ఆదివారం ఓడితే పదకొండేళ్ళ సైన్యం పాత బకెట్ల పక్కన చేరుతుంది. అందుకే సేనాపతి ఊపిరి బిగబట్టి గీతలు గీస్తున్నాడు. సన్నగీత రావాలంటే కుంచె మొన సూదిలా ఉండాలి. సూదిలా కావాలంటే దాన్ని పెదాల మధ్య పెట్టి మెలితిప్పాలి. ఈ పని చేసేవాళ్ళకు అదొక రోగం. ఇక మీదట కుంచె నోట్లో పెట్టనని ఆయన భార్యకు మాట ఇచ్చి నాలుగు రోజులు కూడా కాలేదు. మొదటి రౌతు దగ్గర ఆ మాట గుర్తుంది. రెండోవాడి దగ్గర మరిచిపోయాడు. నాలుగోవాడు కూడా అయ్యాక కాఫీ అనుకుని పక్కనున్న గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. అది కుంచెలు కడిగిన నీళ్ళు. కాఫీ చల్లారినట్టుందని సరిపెట్టుకుని ఇంకో గుక్క కూడా తాగాడు.

అప్పుడే ఇల్లాలు గదిలోకి వచ్చింది.

"ఏమండీ, ఆ పెదాలేమిటి? నీలంగా అయిపోయాయేం?"

నిజం చెబితే ఇచ్చిన మాట గంగలో కలిసినట్టే. అదీ యుద్ధం రోజున! సేనాపతి పెదాలు విప్పకుండా, "ఏం లేదు, పొద్దున్నుంచి కాస్త నీరసంగా ఉంది" అన్నాడు.

ఇంతకంటే దరిద్రపు అబద్ధం ఆయనకు ఆరోజు మరొకటి దొరికేది కాదు.

వెంటనే వెళ్ళి సబ్బుతో మూతి తోముకున్నాడు. మంచి కంపెనీ రంగు కావడంతో అది కదల్లేదు. టవలు పెట్టి రుద్దాడు, ఉప్పు పెట్టి రుద్దాడు. ఆయాసం వచ్చి సింకు పట్టుకుని నిలబడ్డాడు. తలుపు సందులోంచి ఇల్లాలికి కనిపించిన దృశ్యం అది: నీలం పెదాలు, రొప్పులు, సింకు పట్టుకుని వేలాడుతున్న మొగుడు. ఆవిడ గాభరాగా వెళ్ళి అక్కకు ఫోను చేసింది.

"అక్కా, ఈయనకి పెదాలు నీలంగా అయిపోయాయే. నీరసం అంటున్నారు. రొప్పుతున్నారు కూడా."

"అయ్యో! ఉండు, మీ బావగార్ని అడుగుతా." కాసేపటికి మళ్ళీ అక్క గొంతు వినిపించింది. "నీలమంటే గుండె సంగతి చూడాలిట. ఆస్పత్రికి తీసుకెళ్ళమంటున్నారు."

ఆస్పత్రి మాట ఎత్తగానే సేనాపతి మంచానికి అతుక్కుపోయాడు. అక్కడ మొట్టమొదట నోరు తెరవమంటారు. "యుద్ధం అయ్యాక ఎక్కడికైనా వస్తాను, ఇప్పుడు మాత్రం కదల్ను" అన్నాడు. గుండె జబ్బులోనూ వంతెన గురించే ఆలోచిస్తున్న మొగుణ్ణి చూసి ఇల్లాలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తొమ్మిదిన్నరకు పళ్ళ డాక్టరు ఒక చేతిలో సైన్యం పెట్టె, ఇంకో చేతిలో బీపీ చూసే మిషనుతో వచ్చాడు. వెనకాలే అక్కగారు.

"ఏం తమ్ముడూ, ఒకసారి నోరు తెరు."

"వద్దు అన్నయ్యా."

"నాలుక చూస్తానంతే."

"యుద్ధానికి ముందు శత్రువుకి నోరు చూపించకూడదు" అని సేనాపతి పళ్ళ సందునుంచి అన్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా నోళ్ళు తెరిపిస్తున్న డాక్టరుకు ఇంత మొండి నోరు తగల్లేదు. పట్టీ కట్టి బీపీ చూశాడు. బండారం బయటపడుతుందేమోనని సేనాపతి గుండె దడదడలాడుతున్న వేళ అది. మిషను నూట డెబ్భై చూపించింది.

పళ్ళ డాక్టరు మొహం మారిపోయింది. ఇల్లాలు ఆయన్ని వంటింట్లోకి పిలిచింది.

"బావగారూ, ఒంటిగంటకి యుద్ధం అయిపోతుందిగా. కాగానే ఆస్పత్రికి తీసుకెళ్దాం. అంతవరకూ ఆయన మనసు కష్టపెట్టకండి. మీకు పుణ్యముంటుంది, ఇవాళ ఆయన్ని గెలవనివ్వండి."

"మరి నీ బల్లో?"

"బల్ల పోతే పోయింది. నేల మీద కూర్చుని తింటాం. మనిషి ముఖ్యం కదండీ."

ఆరో గెలుపు కోసం డాక్టరు రెండు నెలలుగా వ్యూహం పన్నుతున్నాడు. అయినా మనిషి మంచివాడు. "సరేనమ్మా, ఓడిపోతాను" అని ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు.

ఇక్కడ సేనాపతి పరిస్థితి వేరు. మామూలుగా పక్కదిండు అడిగితే ఇవ్వని భార్య ఇవాళ వీపు వెనక రెండు దిళ్ళు పెట్టింది. నుదురు నిమిరింది. ఫలహారం తెచ్చి తినిపించి, తన కంచం ఒళ్ళో పెట్టుకుని ముక్కాలి పీట మీద ఒద్దికగా కూర్చుంది. కూర ఒలక్కుండా ఒక చేత్తో కంచం పట్టుకుని, ఇంకో చేత్తో తింటోంది.

"బల్ల గురించి ఏం పెట్టుకోకండి. మీరు బాగుంటే అదే చాలు" అంది.

సేనాపతి ఆ కంచం వైపే చూశాడు. ఎనిమిది నెలలుగా ఈ మనిషి ఇలా తింటోంది. తను మాత్రం అగ్గిపుల్లల వంతెనకు వార్నిష్ వేసుకుంటూ కూర్చున్నాడు. పైగా ఇప్పుడు లేని జబ్బు చూపించి సేవలు చేయించుకుంటున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. నిజం చెప్పే ధైర్యం ఎలాగూ లేదు, కాబట్టి వేరే దారి వెతుక్కున్నాడు. ఓడిపోవాలి. తన సైన్యం అటకెక్కితే ఎక్కనీ, ఆవిడ మాత్రం ఈ రాత్రి బల్ల మీద కంచం పెట్టుకుని తినాలి.

పదింటికి మాస్టారు వచ్చారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. తీర్పరి ఆయనే. చేతిలో రిజిస్టరు, మెడలో విజిలు. ఇంట్లో ఏం జరుగుతోందో ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు.

"ఒంటిగంటకు వంతెన ఎవరి అధీనంలో ఉంటే వాళ్ళదే గెలుపు. ప్రతి వంతుకీ ఆజ్ఞలు చీటీ మీద రాసి నాకివ్వండి. ఇద్దరివీ ఒకేసారి విప్పుతాను" అని విజిలు ఊదారు.

మొదటి చీటీలు విప్పారు. "సేనాపతిగారి అశ్వదళం వెనక్కి. డాక్టరుగారి అశ్వదళం వెనక్కి." మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని, "జాగ్రత్తపడుతున్నారన్నమాట. మంచిదే" అన్నారు.

రెండో వంతులో కాల్బలాలు వెనక్కి నడిచాయి, రెండువైపులా. మూడో వంతులో డాక్టరు ఫిరంగులను కొండ వెనక్కి తిప్పి నదిలోకి కాల్చమన్నాడు. సేనాపతి తన ఫిరంగులకు సెలవిచ్చాడు. నాలుగో వంతుకు వంతెన చుట్టూ జానెడు మేర పురుగైనా లేదు.

"ఏం అన్నయ్యా, వంతెన ఖాళీగా ఉంది, వచ్చి తీసుకోరాదూ?" అన్నాడు సేనాపతి, మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని.

"ముందు నువ్వే రా తమ్ముడూ. నీకు దగ్గర."

"పెద్దవారు, మీరుండగా నేనా?"

"వీల్లేదు, నువ్వే రావాలి."

మళ్ళీ నదిలోకి కాల్చిన గుండు ఎక్కడ పడిందో తేల్చడానికి డాక్టరు పాచికలు వేస్తే వరసగా మూడుసార్లు ఆరు పడింది. ఐదు యుద్ధాల్లోనూ ఎన్నడూ అంత మంచి పాచిక పడనందుకు ఏడ్చిన మనిషి, ఇప్పుడు పడినందుకు తల పట్టుకున్నాడు. ఆ దెబ్బకు సేనాపతి దళం ఒకటి చెదరాలి. సేనాపతి మొహం వెలిగింది. కానీ చెదిరిన దళం ఎటు పోవాలో తేల్చే పాచిక వేస్తే అది సరిగ్గా వంతెన వైపే పారిపోయింది. ఇప్పుడు వంతెనకు రెండంగుళాల దూరంలో సేనాపతి మనుషులు ఆరుగురు నిలబడ్డారు. ఇంకొక్క అడుగు వేస్తే గెలిచిపోతాడు! గాభరాగా చీటీ అందుకుని "వెంటనే వెనక్కి పరిగెత్తండి" అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

మాస్టారు ఆ చీటీ రెండుసార్లు చదివారు. "నలభయ్యేళ్ళు చరిత్ర చెప్పానయ్యా, ఇంత మర్యాదైన యుద్ధం ఎక్కడా చదవలేదు" అన్నారు.

పన్నెండూ యాభై అయ్యేసరికి రెండు సైన్యాలూ బల్ల అంచులకు చేరాయి. డాక్టరు ఆఖరి చీటీలో తన బలగం కుర్చీ మీదకు దిగాలని రాశాడు. సేనాపతి బలగం అప్పటికే కిటికీ గూట్లో ఉంది. బల్ల మీద పచ్చగుడ్డ, కొండలు, వంతెన తప్ప ఏమీ మిగల్లేదు.

ఇల్లాలు వంటింట్లోంచి తొంగి చూసింది. బల్ల ఖాళీ. యుద్ధం అయిపోయిందనుకుంది. ఆస్పత్రికి వెళ్ళేముందు అందరూ నాలుగు మెతుకులు తినాలి కదా అని కంచాలు చంకన పెట్టుకుని తడిగుడ్డతో వచ్చింది. కొండలు పక్కకు జరిపింది, పచ్చగుడ్డ సగం చుట్టింది, వంతెన చేత్తో ఎత్తి బల్ల తుడవడం మొదలుపెట్టింది.

"ఇదెక్కడ పెట్టమంటారు?"

గోడగడియారం ఒంటిగంట కొట్టింది. మాస్టారు విజిలు ఊదారు.

"అలాగే ఉండమ్మా, కదలకు! సమయం అయిపోయింది. వంతెన ఆవిడ అధీనంలో ఉంది. యుద్ధభూమిలో వేరే ఎవరూ లేరు. గెలుపు ఆవిడదే."

ఒక్క క్షణం అందరూ తెల్లమొహాలు వేశారు. తర్వాత సేనాపతికి నవ్వు వచ్చింది. పొద్దున్నుంచి బిగించిన నోరు అది. ఒక్కసారిగా దవడలు నొప్పెట్టేలా తెరుచుకుంది. పళ్ళ డాక్టరు అలవాటు కొద్దీ ముందుకు వంగి చూశాడు.

"ఏయ్, ఈ నీలం నాది! మొన్న నీకిచ్చిన సీసాలోది. నా ఫిరంగి దళం కోట్ల రంగు!"

నవ్వు ఆగిపోయింది. సేనాపతి కుంచె సంగతి, గ్లాసు సంగతి, నీరసం సంగతి తల వంచుకుని వరసగా చెప్పేశాడు. ఇల్లాలు వంతెన పట్టుకునే వింది.

"గుండెకేం లేదన్నమాట."

"లేదు."

"మరి గెలవాల్సిన మనిషి అలా వెనక్కి వెనక్కి ఎందుకు పోయారు?"

"నువ్వు ఒళ్ళో కంచం పెట్టుకుని తింటుంటే చూడలేకపోయాను. ఓడిపోతే బల్ల నీకొస్తుందని..."

"నేనేమో ఇతని గుండె కోసం" అని డాక్టరు గొణిగాడు.

ఇల్లాలికి కోపం బాగానే వచ్చింది. పొద్దున్నుంచి తను పడ్డ భయానికి ఆ వంతెనతోనే మొగుడి నెత్తిన ఒకటి వేద్దామనిపించింది. కానీ ఆరుగురు మనుషులను వెనక్కి పరిగెత్తమని రాసిన చీటీ మాస్టారి చేతిలో కనిపిస్తోంది. కింద రెండు గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఆవిడ కళ్ళు ఒత్తుకుని మాస్టారి వైపు తిరిగింది.

"గెలిచినవాళ్ళు ఏం చేస్తారండీ?"

"ఓడినవాళ్ళకి సంధి షరతులు చెబుతారమ్మా."

"అయితే రాసుకోండి. బల్ల నాది. సైనికులు అటకెక్కక్కర్లేదు. అక్కడ ఎలుకలున్నాయి. నా గాజు సామాన్ల బీరువాలో పై రెండు అరలూ వాళ్ళకి ఖాళీ చేసిస్తాను. ఇకనుంచి యుద్ధాలన్నీ అక్కావాళ్ళింట్లో."

"మాది గాజు బల్లే!" అని అక్కగారు గుండెలు బాదుకుంది.

"ఏం భయం లేదక్కా. ఇవాళ చూశానుగా, వీళ్ళు చాలా నెమ్మదస్తులు."

ఓడిన సేనాపతులిద్దరూ కిక్కురుమనకుండా సంతకాలు పెట్టారు. ఎనిమిది నెలల తర్వాత ఆ బల్ల మీద కంచాలు పరుచుకున్నాయి. ఆవిడ తన కంచం ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు మోచేతులూ బల్ల మీద ఆనించింది. సేనాపతి నీలం నోటితోనే ఆవిడకు వడ్డించాడు.

భోజనాలయ్యాక మాస్టారు రిజిస్టరు తెరిచి, విజేత అన్నచోట "గృహిణి" అని, బలగం అన్నచోట "తడిగుడ్డ ఒకటి" అని రాసి సంతకం చేశారు.