రెండు కళ్ళ కెమెరా ఎంపిక మహాయోగం

పాత కెమెరా కొనేవాడు అమాయకుడు. పాత కెమెరా ఎంచుకుంటూ ఉండేవాడు ధన్యుడు!

నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను. కొన్నవాడి చేతిలో ఒక్క కెమెరా ఉంటుంది. ఎంచుకుంటున్నవాడి చేతిలో లోకంలోని కెమెరాలన్నీ ఉంటాయి. కొన్నవాడు ఫిల్ము కొనాలి, కడగాలి, తీరా చూసుకుని అందరి తలలూ తెగిపోయాయని ఏడవాలి. ఎంచుకుంటున్నవాడికి ఈ బెడద ఉందా? వాడు తీయని ఫొటోలన్నీ బ్రహ్మాండంగానే ఉంటాయి.

నమ్మకం లేకపోతే జర్మనీలో మా బ్రౌన్‌ష్వైగ్ ఊరి ఎక్‌హార్ట్‌ని చూడండి. ఊరి చివర ఏటి ఒడ్డున మా తోటల కాలనీ ఉంది. మనిషికో గుప్పెడు నేల, అందులో ఒక చెక్క గది, నాలుగు ముల్లంగి మడులు. కంచెకి అవతలి తోట ఆయనది. ఆ కంచె నా నడుము దాటదు కాబట్టి, ఆయన సంసారంలో నాకు తెలియనిది తక్కువ.

ఎక్‌హార్ట్ ఏడాది పాటు ఒక కెమెరాని ఎంచుకున్నాడు. ఎంత బాగా ఎంచుకున్నాడనుకున్నారు!

కిందటేడు వసంతంలో మొదలైంది ఈ యోగం. తోటల మీదుగా రోడ్డు పడుతుందని, వచ్చే ఏడు ఆకులు రాలే కాలానికల్లా అందరూ ఖాళీ చేయాలని అప్పుడే కబురొచ్చింది. వాళ్ళ తోటలో ఒక చెర్రీ చెట్టుంది. ఎక్‌హార్ట్ భార్య ఆల్ముట్‌కి అది వాళ్ళ నాన్న నాటిన చెట్టు. ఆ ఏటి పూత అప్పటికే రాలిపోయింది. ఇక పూసేది ఒక్కసారే.

ఆదివారం కాఫీ, కేకు వేళ ఆవిడ అడిగింది. "ఎకీ, వచ్చేసారి చెట్టు పూసినప్పుడు దాని కింద నన్నొక ఫొటో తియ్యవూ? ఫోన్‌తో కాదు. మా నాన్న దగ్గరుండేది చూడు, రెండు కళ్ళది. పొట్ట దగ్గర పెట్టుకుని పైనుంచి తొంగి చూసేది. దాంతో."

"ఓస్, అంతేగా! చవకలో మంచిది చూస్తానుండు," అన్నాడు ఎక్‌హార్ట్.

చవకలో మంచిది! అయ్యా, ఆ మాట నోట్లోంచి వచ్చిన క్షణాన ఆయన మామూలు మనిషిగా ఉండటం మానేశాడు.

తెలియనివారికి ఒక్క ముక్క. ఈ కెమెరాకి ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులుంటాయి. పై కన్ను మనం చూడటానికి, కింది కన్ను ఫొటో తీయడానికి. ఇలాంటివి మా ఊళ్ళోనే తయారయ్యేవి. అందుకే ఇక్కడ ప్రతి ఇంటి అటక మీదా ఒకటి ఉంటుందనీ, అది మనకి ఊరికే వచ్చేస్తుందనీ అందరికీ ఒక గుడ్డి నమ్మకం.

ముందుగా ఎక్‌హార్ట్ ఫోన్‌లో పాత సామాన్ల ప్రకటనలు చదవడం మొదలుపెట్టాడు. ఎంత గొప్ప సాహిత్యమండీ అది! "తాతగారి అటక మీద దొరికింది. నాకు కెమెరాల గురించి ఏమీ తెలియదు. పనిచేస్తుందో లేదో చూడలేదు. మా ఇంట్లో కుక్కల్లేవు, సిగరెట్లు లేవు." కెమెరాల గురించి ఏమీ తెలియని ఆ అమాయకుడికి ధర మాత్రం అణా పైసలతో సహా తెలుసు! కుక్క లేకపోతే షట్టర్ బాగా పడుతుందా అని అడక్కండి. ఎక్‌హార్ట్ అడిగాడు, జవాబు రాలేదు.

తర్వాత నిపుణులు తగిలారు. ఇంటర్నెట్లో వాళ్ళకో గుంపు ఉంది. జపాన్‌ది కొనుక్కోమన్నాడొకడు. జపాన్‌దా, అంతకంటే కళ్ళు మూసుకు కూర్చోవడం నయమన్నాడింకొకడు. చెక్ దేశపుది చవక, బరువు చూస్తే ఇటుక. రష్యా ప్లాస్టిక్‌ది తేలిక, బొమ్మ అంచులు కలలో వచ్చినట్టు వస్తాయట. కల మంచిదా చెడ్డదా అన్న దగ్గర ఇద్దరు నిపుణులు తిట్టుకుని మాటలు మానేశారు. ఎక్‌హార్ట్ ఇద్దరి దగ్గరా విడివిడిగా సలహా తీసుకున్నాడు.

విద్య ముదిరింది. లెన్సు మీద టార్చి వేసి బూజు పట్టుకోవడం నేర్చాడు. ఇక ఎక్కడ గాజు కనబడితే అక్కడ టార్చి! పిన్నత్త కళ్ళజోడు లాక్కుని వెలుతురుకి పెట్టి, "బూజు లేదు గానీ గీతలున్నాయి, సగం ధరకి అడగొచ్చు," అన్నాడు. ఆవిడ ఇంతవరకూ వాళ్ళింటికి మళ్ళీ రాలేదు. ఆల్ముట్‌ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పరీక్ష అయ్యీ అవకముందే ముందుకి వంగి, "డాక్టరు గారూ, వెనక లెన్సులో మబ్బేమైనా ఉందా?" అని అడిగాడు. తిరుగు ట్రామ్‌లో ఆల్ముట్ వెళ్ళి వేరే సీట్లో కూర్చుంది. అది కూడా ఆయన గమనించలేదు, ఫోన్‌లో ప్రకటనలు చదువుతున్నాడు.

ఇంకో పూట బాత్రూమ్‌లోంచి గుసగుసలు వినబడ్డాయి. ఆల్ముట్ తలుపు కొట్టింది.

"ఎవరితోనయ్యా మాట్లాడుతున్నావు?"

"మాట్లాడటం లేదు, వింటున్నాను. హానోవర్ నుంచి ఒకాయన షట్టర్ వినిపిస్తున్నాడు. చలికి గ్రీజు బిగుసుకుందేమో, ఒక్క సెకను అనుకుంటే నాన్చి నాన్చి పడుతోంది!"

"ఇంకే ఆడదైనా అయ్యుంటే బాగుండేది. దానికైనా నేనొకదాన్ని ఉన్నానని తెలిసేది," అంది ఆల్ముట్.

చూశారా, ఎంపికలో ఎంత లాభమో! తాగుడు లేదు, పేకాట లేదు, మనిషి ఇంటిపట్టునే ఉంటాడు. కాకపోతే ఇంట్లో ఉన్నవాళ్ళకి కనబడడు. అదేం పెద్ద లోటా?

వసంతం వచ్చేసింది. వసంతానికి ఎంపిక తెలియదు కదా, దానికి తోచినప్పుడు వచ్చేస్తుంది. చెర్రీ కొమ్మల మీద మొగ్గలు లావెక్కాయి. ఒకరోజు చూస్తే చెట్టంతా తెల్లగా విరగబూసింది. ఎక్‌హార్ట్ అప్పటికి జపాన్‌వి వదిలేసి మళ్ళీ జపాన్‌వాటికే వచ్చాడు.

"ఇంకొక్క వారం ఆగు, ఆల్ముట్. మ్యూనిక్‌లో ఒకటుంది, తోలు కొంచెం లేచిందట గానీ..."

"వచ్చే ఏడు కూడా కెమెరాలుంటాయి ఎకీ," అంది ఆవిడ. "చెట్టుండదు."

 ఆ మాట కంచె ఇవతల ఉన్న నాకు కూడా వినబడింది. ఎక్‌హార్ట్‌కి మొదటిసారి భయం వేసింది. ఆదివారం సాయంత్రానికి గాలివాన అని రేడియో చెబుతోంది. శనివారం పొద్దున్నే టార్చి జేబులో వేసుకుని పాత సామాన్ల సంతకి పరిగెత్తాడు.

అక్కడ టీడ్గె అనే ముసలాయన బల్ల మీద, పగిలిన పూలకుండీలకీ కాఫీ కప్పులకీ మధ్య, ఒక రెండు కళ్ళ కెమెరా కూర్చుని ఉంది. మూల సొట్ట, తోలు వెలిసింది. ఎక్‌హార్ట్ దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, బోర్లించాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"బాబూ, కొంటావా, జ్వరం చూస్తున్నావా?" అన్నాడు టీడ్గె.

ఎక్‌హార్ట్ టార్చి కోసం జేబులో చెయ్యి పెట్టాడో లేదో, ఆకుపచ్చ జుట్టు అమ్మాయి ఒకతె వచ్చి కెమెరా మీద చెయ్యి వేసింది. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో! ఎంతండీ ఇది?"

"నేను కొనేశాను!" అని అరిచాడు ఎక్‌హార్ట్, దాన్ని రెండు చేతులతో పొట్టకి హత్తుకుని.

"ఎప్పుడు?" అన్నాడు టీడ్గె.

"ఇప్పుడే!"

ఏడాది చదువండీ! బూజు చూడలేదు, షట్టర్ వినలేదు, బేరం మాట అసలే లేదు. టార్చి జేబులోంచి బయటికే రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం, ఇంకా ఎండ ఉండగానే, ఆల్ముట్ నీలం గౌను వేసుకుని చెట్టు కింద కుర్చీలో కూర్చుంది. ఎక్‌హార్ట్ ఫిల్ము ఎక్కించి, కెమెరా పొట్ట దగ్గర పెట్టుకుని, తల వంచి పైనుంచి చూశాడు. చూసి, "హా!" అన్నాడు.

అద్దం మీద ఆవిడ, ఆవిడ చుట్టూ తెల్లటి పువ్వులు. అంత చిన్న గాజు మీద అంత వెలుగు ఉంటుందని ఏ నిపుణుడూ ఆయనకి చెప్పలేదు. అన్నట్టు, ఆ అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి.

"కొంచెం ఎడమకి జరుగు. అబ్బే, అటు కాదు, నీ ఎడమ! కాదు కాదు, నా ఎడమ! ఉండుండు, నేనే జరుగుతాను!" అంటూ ముల్లంగి మడిలోకి వెళ్ళిపోయాడు.

ఆల్ముట్ పకపకా నవ్వింది. అంతలోనే ఆయన అద్దానికి ఇంకా దగ్గరగా వంగాడు.

"చెవి కింద ఆ పుట్టుమచ్చ ఎప్పుడొచ్చింది నీకు?"

"పుట్టుమచ్చ ఎప్పుడొస్తుందయ్యా!"

"నవ్వితే ఒక కన్ను చిన్నదవుతుంది. తెలుసా నీకు?"

"నాకెలా తెలుస్తుంది? నువ్వు చెప్పాలి."

ఒక్కో ఫొటోకీ ఇంతేసి సేపు చూశాడు. ఫిల్ముకి పన్నెండే బొమ్మలు కదా, తొందరపడితే ఎలా? వంగినవాడు వంగినట్టే ఉన్నాడు, ఆవిడ నవ్వుతూనే ఉంది. మబ్బు పట్టి మొదటి చినుకు పడేదాకా ఇద్దరూ కదల్లేదు. ఆ రాత్రి గాలివానకి పువ్వులన్నీ రాలిపోయాయి.

మర్నాడు ఎక్‌హార్ట్ ఇంట్లో ఫిల్ము కడిగాడు. తీసి వెలుతురుకి పెట్టాడు. పట్టీ పొడుగునా ఏమీ లేదు, అవతల కిటికీ తెర మీద గళ్ళు కనబడుతున్నాయి. షట్టర్ పాడైందనుకున్నాడు. వెనక తలుపు తెరిచి నొక్కి చూశాడు, శుభ్రంగా పడింది. కెమెరాని ముందుకి తిప్పాడు. కింది కంటికి నల్లటి మూత బిగించి ఉంది. పై కంటి మూత ఎప్పుడో పోయినట్టుంది, అందుకే చూడటానికి ఏ అడ్డూ లేకపోయింది.

సైకిలెక్కి తోటకి వచ్చేసరికి ఆల్ముట్ గుమ్మం ముందు కూర్చుని ఆస్పరాగస్ కాడలకి తొక్క తీస్తోంది. ఆయన ఆ పట్టీ పట్టుకుని దొంగలా నిలబడ్డాడు.

"ఒక్కటీ రాలేదు ఆల్ముట్. మూత తియ్యలేదు నేను."

"తెలుసు."

"తెలుసా?"

"నా మొహానికి ఎదురుగానే ఉందిగా. నల్లగా, ఇంత గుండ్రంగా. మొదటి ఫొటో నుంచీ చూస్తూనే ఉన్నాను."

"మరి చెప్పవేం! చెట్టింక పూయదు కదే! ఇదే ఆఖరు కదా!"

ఆల్ముట్ చాకు పక్కన పెట్టింది. "చెబితే తీసేవాడివి. తీసి, మళ్ళీ టార్చి వేసుకుని అందులోకి చూస్తూ కూర్చునేవాడివి. ఏడాదిగా చూస్తున్నావు కదా వాటిని. నిన్న నన్ను చూస్తున్నావు. నాకు బాగుంది ఎకీ. చెడగొట్టుకోబుద్ధి కాలేదు."

ఎక్‌హార్ట్‌కి ఏడుపొచ్చింది. ఆవిడ పక్కన చతికిలబడి, ఆవిడ మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. నేను మర్యాదగా అటు తిరిగి ముల్లంగులకి నీళ్ళు పోశాను.

అయినా ఎంపిక మహాయోగమన్న మాట నేను వెనక్కి తీసుకోను. మా ఆయన కూడా ఆ యోగంలోనే ఉన్నారు. పక్షుల్ని చూడటానికి ఎప్పట్నుంచో బైనాక్యులర్ ఎంచుకుంటున్నారు. మొన్న కాఫీ అందిస్తూ, "జుట్టు కత్తిరించుకున్నాను, ఎలా ఉంది?" అని అడిగాను. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "బాగానే ఉంది గానీ, బరువెక్కువ," అన్నారు.

అందుకని పాఠకులకి ఒక మనవి. మీ అటక మీద పాత రెండు కళ్ళ కెమెరా ఏదైనా ఉంటే నాకు కబురు పెట్టండి. బూజు పట్టినా పరవాలేదు, షట్టర్ పడకపోయినా పరవాలేదు, ఇంట్లో కుక్కలున్నా పరవాలేదు. కింది కంటికి మూత ఉంటే చాలు.