ప్రముఖ రచయిత్రి గారి కుర్చీ

మార్ల్‌బెక్ పట్టణ కౌన్సిల్ అధ్యక్షులు శ్రీ డెస్మండ్ పిల్లింగ్ గారు సాహిత్యాన్ని కాపాడాలని నిర్ణయించుకున్నారు. మే నెలలో ఎన్నికలు ఉండటం కేవలం కాకతాళీయం. పాత లైబ్రరీ కూల్చి కార్ పార్కింగ్ కట్టాలన్న ఆలోచనా ఆయనదే. కాబట్టి దాన్ని ఆపగల సమర్థులు కూడా ఆయనే.

ఆ వార్త వినగానే హెస్టర్ ప్యాగ్నల్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇంగ్లండంతా పేరున్న నవలా రచయిత్రి. ఎనభై దాటాయి. మొగుడు పోయాడు, పళ్లు పోయాయి, నవలలు మాత్రం వస్తూనే ఉన్నాయి. అన్నీ ఆ లైబ్రరీ కిటికీ పక్క బల్ల మీద రాసినవే. ఇంట్లో కూర్చుంటే టీ మరుగుతుంది గానీ వాక్యం కదలదు. ఇప్పుడు రాస్తున్నదానికి ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. బల్ల పోతే అదీ పోయినట్టే.

పిల్లింగ్ గారు స్వయంగా ఇంటికొచ్చి, బిస్కెట్టు టీలో ముంచారు.

“లైబ్రరీ గోడకి, మీరు అక్కడే రాసేవారని చెప్పే నీలం స్మారక పలక పెడతాం మేడమ్. పలకున్న భవనాన్ని ఇక ఎవడూ ముట్టుకోలేడు. చిన్న చిక్కుంది.”

“ఏంటి నాయనా?”

“పలక పోయినవాళ్లకే పెడతాం. రూలు. మీరేమో...” ఆయన మర్యాదస్తులు. మిగతాది టీతో పాటు మింగేశారు.

“ఇంకా ఉన్నాను. ఏమనుకోకు.”

“అయ్యో, ఎంత మాట! తొందరేం లేదండీ. గురువారం కౌన్సిల్ మీటింగు లోపల అయితే చాలు.”

హెస్టర్ పగలబడి నవ్వింది. కథ నడవడానికి ఎంతమందిని చంపలేదు తను! “సరే, పోయానని రాసుకో డెస్మండూ. నా బల్ల అంగుళం కదిలిందో, దయ్యమై పట్టుకుంటా.”

ఆవిడ మరణాన్ని కౌన్సిల్ ఏకగ్రీవంగా ఆమోదించింది. ‘హఠాత్తుగా’ తీసేసి ‘ప్రశాంతంగా’ అని పెట్టాలని ప్రతిపక్షం సవరణ కోరింది. పెట్టారు.

శనివారం ఆవిష్కరణ. వానలో గొడుగుల క్యూ. హెస్టరూ బుద్ధిగా చివర నిలబడింది. పిల్లింగ్ గారు కళ్లొత్తుకుంటూ మైకు అందుకున్నారు. “ఆవిడ గుర్రాల కథలు చదివే పెరిగాన్నేను!” హెస్టర్ ఏ నవల్లోనూ గుర్రం లేదు.

పక్కనున్న పెద్దాయన, “ఆవిడ మీకు బాగా తెలుసా?” అన్నాడు.

“కాస్త తెలుసు. మొండి ఘటం.”

“పోయినవాళ్లని అలా అనకూడదమ్మా!”

క్షమించమంది. మౌనం పాటించమంటే పాటించింది కూడా. నవ్వు ఆపుకోలేక గొడుగు ఊగిపోతుంటే, ఏడుస్తోందనుకుని ఎవరో రుమాలు ఇచ్చారు.

భవనం నిలిచింది. పిల్లింగ్ గారు గెలిచారు. మర్నాడే హెస్టర్ కాగితాలూ ఫ్లాస్కూ సంచిలో వేసుకుని బయల్దేరింది.

లోపల పుస్తకాల బీరువాలు లేవు. ఆ చోట హెస్టర్ పడుచునాటి బొమ్మ వేసిన కప్పులు, తువ్వాళ్లు, సబ్బులు అమ్ముతున్నారు. బల్ల మాత్రం, పిల్లింగ్ గారు మాట తప్పలేదు, అంగుళం కదల్లేదు. చుట్టూ ఎర్ర తాడు కట్టారు.

తాడెత్తి కూర్చోబోతే కాపలామనిషి పరిగెత్తుకొచ్చింది.

“అమ్మా, అమ్మా! అది హెస్టర్ గారి కుర్చీ!”

“నేనే హెస్టర్‌ని తల్లీ. ఒక్క అధ్యాయం రాసుకుని పోతాను.”

“చాలామంది ఇదే చెప్తున్నారమ్మా,” అంటూ మోచెయ్యి పట్టుకుని, జాలిగా గుమ్మం వైపు నడిపించింది. దారిలో సబ్బుల మీద తగ్గింపు ఉందని కూడా చెప్పింది.

గుమ్మంలో పిల్లింగ్ గారు, వెనక సందర్శకులు.

“డెస్మండూ! నేనెవరో నువ్వైనా చెప్పవయ్యా!”

ఆయన ఆవిడకి దారిచ్చి, ఎంతో మర్యాదగా టోపీ తీశారు.

“ఆఖరి నవల పూర్తి చెయ్యకుండానే పోయిందటగా?” అని వెనక నుంచి ఎవరో అడిగారు.

“అవునండీ, పాపం,” అన్నారు పిల్లింగ్ గారు. “బతికుంటే ఇక్కడే కూర్చుని రాసుకునేది.”